మండీలో కలిసిపోతున్న మా టమోటా గురించి: వ్యవసాయ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మదనపల్లె దగ్గర ఒక పల్లెలో మాకు రెండెకరాల ఎర్రనేల, ఒక బోరు, రెండు ఆవులు ఉన్నాయి. గిట్టుబాటు ధర గురించి మీకు రోజూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు కాబట్టి నేను దాని జోలికి ఎక్కువ పోను. కాయ మిగిలిపోయినప్పుడు ఏం చేయాలన్నదే నా బాధ.

2023 జులై ఆఖరులో మా మార్కెట్‌లో మొదటి రకం టమోటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. టీవీలవాళ్లంతా వచ్చారు. మా తోటలో ఆ నెల ఒక్క కాయ కూడా లేదు, అది మా రాత. పోయిన వేసవిలో మాత్రం తోట విరగ కాసింది, 25 కిలోల క్రేటు 80 రూపాయలకు పడిపోయింది. కోత కూలి, బాడుగ, కమీషన్ లెక్కేసి చూసి మా ఆయన సగం తోట కోయకుండానే వదిలేశాడు. కోసినవి ఆవులకు వేశాం. రెండు రోజులు తిన్నాయి, మూడో రోజు అవీ మొహం తిప్పుకున్నాయి.

"పారేసేదేదో నాకియ్యండి, వరుగులు పెడతా" అంది మా అత్త. కాయను నాలుగు చెక్కలు కోసి, కాస్త ఉప్పు చల్లి, మిద్దె మీద పాత చీరల మీద పరిచాం. పైన పల్చటి గుడ్డ. మధ్యాహ్నం తిరగేయాలి, పొద్దుగూకేలోగా ఇంట్లోకి తేవాలి, లేకుంటే మంచుకు మెత్తబడతాయి. టమోటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే, అందుకే ఇరవై కిలోలు ఎండితే దక్కేది కిలో చిల్లర. ఒకసారి మూడో రోజు మబ్బు పట్టి అరవై కిలోల కాయ బూజు పట్టిపోయింది. ఆ రాత్రి మా అత్త అన్నం తినలేదు.

నిలిచిన వరుగుల్ని బెంగళూరులో మా చెల్లెలు వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే కిలో 500 లెక్కన కొనేశారు. కొనేముందు అందరూ అడిగింది ఒకటే మాట: "మందులు కొట్టారా?"

మేం నాలుగేళ్లుగా ప్రకృతి వ్యవసాయంలో ఉన్నాం. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు కలిపి, మురగబెట్టి, పదిహేను రోజులకోసారి పారిస్తాం. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతాం. మొదటి ఏడు దిగుబడి పడిపోయింది, కాయకు ఊజీ పురుగు పట్టింది, పక్క తోటల వాళ్లు నవ్వారు. మూడో ఏటికి గానీ మడిలో వానపాము కనబడలేదు. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కిందని పేపర్లో చదివి సంతోషపడ్డాను. కానీ మండీలో వేలంపాట పాడేవాళ్లు రంగు, సైజు, గట్టిదనం చూస్తారు. ఏ నేలలో పండిందని అడిగేవాడు లేడు. వాళ్లనూ తప్పు పట్టలేను, లారీ ఢిల్లీ చేరేదాకా కాయ నలగకూడదు కదా. మా కాయ అక్కడ వందల క్రేట్లలో కలిసిపోతుంది. మా నేలకు విలువ కట్టింది ఆ వరుగుల డబ్బా ఒక్కటే.

టమోటా గుజ్జు ఫ్యాక్టరీ వస్తుంది కదా అంటారేమో. ప్రతి ఎన్నికలకూ వింటున్నాం. మేం వేసేవి దూరాలకు తోలడానికి పనికొచ్చే రకాలు. గుజ్జుకు నీరు తక్కువ, కండ ఎక్కువ ఉండే రకం కావాలి. మామిడి సంగతి మీకు తెలియంది కాదు. చిత్తూరు చుట్టూ అన్ని గుజ్జు ఫ్యాక్టరీలు ఉండి కూడా 2025లో తోతాపురి ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని చెప్పి, మీ ప్రభుత్వం మరో 4 కలపాల్సి వచ్చింది. కొనేవాడు వద్దంటే రైతు ఇంకెక్కడికి పోవాలి?

అందుకే అడుగుతున్నా, ఊరికొక గది ఇప్పించండి. రైతు సేవా కేంద్రం పక్కనే, ఎండ వేడిని లోపల పట్టి కాయను ఆరబెట్టే ఒక సోలార్ డ్రయ్యర్, కోసుకోవడానికి స్టీలు బల్ల, ప్యాకింగ్ మిషన్ ఉంటే చాలు. పొదుపు సంఘం ఆడవాళ్లం నడుపుకుంటాం, వాడుకున్నవాళ్లు కిలోకింత అని కడతారు. టమోటా లేని నెలల్లో మునగాకు, కరివేపాకు, కాకరకాయ ఎండుతాయి. ఉన్నట్టుండి జల్లు పడినా కాయ తడుస్తుందన్న టెన్షన్ ఉండదు.

కేంద్ర ప్రభుత్వం 2020లో చిన్న ఆహార యూనిట్ల పథకం తెచ్చింది. 35 శాతం సబ్సిడీ, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 10 లక్షలు. మేమూ అడిగాం. ప్రాజెక్ట్ రిపోర్ట్ తెమ్మన్నారు. అది రాసిచ్చేందుకు ఒకాయన చెప్పిన ఫీజు మా వరుగుల మీద వచ్చిన మొత్తం డబ్బుకన్నా ఎక్కువ! ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ రుసుం ఏడాదికి 100 రూపాయలే, బస్సు చార్జీలకు మాత్రం అంతకు ఎన్నో రెట్లు అయింది. ఈ కాగితాల పని ఊళ్లోనే జరిగేలా చూడండి. రైతు సేవా కేంద్రంలో పనిచేసే కుర్ర ఉద్యోగులకు కంప్యూటర్ వచ్చు, ఓపికా ఉంది.

ఇంకొక్క మాట. సంక్షేమ హాస్టళ్ల వంటగదులు మా దగ్గర కొనేలా ఒక ఆర్డర్ ఇవ్వండి. కిలో 200 పలికిన ఆ జులైలో పిల్లల సాంబారులో టమోటా ఎంత పడి ఉంటుందో మీరే ఊహించండి. ఏప్రిల్‌లో ఎండబెట్టిన వరుగులు జులై దాకా నిక్షేపంగా ఉంటాయి.

మాకు ఏప్రిల్‌లో కోతలు. ముందు ఒకటి రెండు ఊళ్లలో పెట్టి చూసినా సరే. గది వచ్చినా రాకపోయినా మా అత్త అప్పుడే పాత చీరలు ఉతికి ఆరేసింది.

ఇట్లు,
మదనపల్లె పక్క పల్లె నుంచి
ఒక టమోటా రైతు