నా బేస్ గిటార్‌ని అమ్మనివ్వకుండా ఆపినవాళ్ళకి

అందరికీ నమస్కారం. నా అకౌస్టిక్-ఎలక్ట్రిక్ బేస్ గిటార్ (బోలు చెక్కపెట్టె ఉండి, కేబుల్‌తో స్పీకర్‌కి కూడా కలుపుకునే మంద్రస్వరాల గిటార్) గోల చెప్పి కొంతకాలంగా కనిపించినవాళ్ళందరినీ విసిగిస్తూ వచ్చాను. ఇప్పుడది బాగుపడింది. సాయం చేసినవాళ్ళకి విడివిడిగా ఫోన్ చేసి చెప్పుకున్నాను గానీ, ఎవరు ఏం చేశారో నలుగురికీ తెలిసేలా రాయడం న్యాయం అనిపించింది. పేర్లు రాయొద్దని వాళ్ళలో ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది.

ముందు గొడవేమిటో చెప్పాలి. కేబుల్ పెట్టకుండా వాయిస్తే నాలుగు తీగలూ సమానంగానే పలికేవి. శబ్దం పెంచే యాంప్‌కి కలపగానే లావుపాటి నాలుగో తీగ ఎక్కడో అడుగున పడిపోయేది. ఒకటో తీగేమో చెవిలో పొడిచేది. అది చాలదన్నట్టు, వేదిక మీద సౌండ్ కాస్త పెంచి మూడో తీగ ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర డి స్వరం పట్టుకుంటే చాలు, గిటార్ పెట్టె మొత్తం గుమ్మని అందుకునేది. తీగ మీద నుంచి చెయ్యి తీసినా ఆగేది కాదు. తగ్గిస్తే వినపడదు, పెంచితే గుమ్మంటుంది. ఇక అమ్మేద్దామని ఫోటోలు తీసి తెలిసినవాళ్ళకి పంపించాను.

మొదటి దండం ఆ ఫోటోలు చూసి వెంటనే ఫోన్ చేసిన మాస్టారికి. నిలబడి వాయించే డబుల్ బేస్‌తో చాలాకాలం గడిపిన మనిషి. "అప్పుడే అమ్మెయ్యకు, నీ వాయిద్యం ఎలా పనిచేస్తుందో ముందు విను" అన్నారు. ఆయన చెప్పిందాని సారాంశం ఇదీ. నాలుగో తీగ ఖాళీగా మీటితే వచ్చే స్వరం సుమారు 41 హెర్ట్జ్. గాలిలో ఆ తరంగం పొడవు 8 మీటర్ల పైమాట. ఒళ్ళో పట్టే పెట్టె అంత మంద్రాన్ని గదిలోకి గట్టిగా నెట్టలేదు. మనకి వినపడేది చాలావరకు ఆ స్వరం పైన పుట్టే హార్మోనిక్స్, అంటే దానికి రెండు, మూడు రెట్లలో వచ్చే పై స్వరాలు. అడుగున ఉండాల్సిన స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. 1972లో ఎర్నీ బాల్ వాళ్ళు ఎర్త్‌వుడ్ అనే అకౌస్టిక్ బేస్ తెచ్చినప్పుడు పెట్టెని అంత వెడల్పుగా, అంత లోతుగా చేసింది అందుకేనట. దాని ఫోటో చూశాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుడి చెయ్యి తీగల దాకా తేవడమే పెద్ద పని అనిపించింది. తరవాత చాలామంది తయారీదారులు పెట్టెని మామూలు గిటార్ కొలతకి దగ్గరగా తెచ్చి, చాలని బలాన్ని కరెంటుకి వదిలేశారు. "అంటే నీ వాయిద్యంలో సగం ఆ తెల్ల శాడిల్ కింద ఉంది. ఎవరికైనా అక్కడ చూపించు" అని ముగించారు. శాడిల్ అంటే పెట్టె మీద తీగలు ఆనే సన్నటి బద్ద. అంతవరకు నేను చెక్కనే చూస్తున్నాను. శాడిల్ కింద ఒక వాయిద్యం ఉందని నాకు తట్టనే లేదు.

రెండో దండం గిటార్లు బాగుచేసే అన్నకి. అసలు పని జరిగింది ఈయన చేతుల్లోనే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. శాడిల్ కింద సన్నటి పట్టీలా పీజో పికప్ ఉంటుంది. తీగ అదిరినప్పుడు శాడిల్ దాన్ని నొక్కుతుంది, ఆ ఒత్తిడే విద్యుత్తుగా మారుతుంది. అయస్కాంతం పికప్‌లా ఇది తీగ లోహాన్ని పట్టించుకోదు. నైలాన్ తీగైనా, కంచు తీగైనా దానికి ఒకటే. కానీ ఒత్తిడి మాత్రం పట్టీ పొడవునా సమానంగా పడాలి. నా శాడిల్ అడుగు సమంగా లేదు. ఒక కాలు పొట్టిదైన బల్లలా ఒకటో తీగ వైపు గట్టిగా ఆని, నాలుగో తీగ వైపు కాస్త తేలి ఉంది.

అన్న తీగలు వదులు చేసి శాడిల్ బయటికి తీశాడు. దాని అడుగున పొడవునా పెన్సిల్‌తో గీతలు గీసి, గాజు పలక మీద అంటించిన సాండ్‌పేపర్ మీద రుద్దాడు. గీతలు చెరగని చోట గుంట ఉన్నట్టు. అన్నీ ఒక్కసారిగా చెరిగిపోయేదాకా రుద్దడమే పని. "తొందరపడితే ఇది ఉయ్యాల బద్ద అవుతుంది" అంటూనే ఉన్నాడు. తరవాత పీజో పట్టీని మెల్లగా పైకెత్తి కింద గాడిలో చూస్తే, తయారైన రోజునుంచీ ఉన్నట్టుంది, చెక్కపొడి పేరుకుని ఉంది. దాన్ని బ్రష్‌తో దులిపి అన్నీ మళ్ళీ కూర్చాడు. తీగలు బిగించి యాంప్‌కి కలిపి నాలుగో తీగ మీటితే, నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వాయించారేమోనని!

ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌ని దానికి రెట్టింపు, అంటే ఒక మిల్లీమీటరు అరగదీయాలి. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా నడుమ ఉంటుంది కదా, అందుకు. నేను ఇంకా తగ్గించమని పట్టుబట్టాను, ఆయన ఒప్పుకోలేదు. శాడిల్ మరీ పొట్టిదైతే తీగ దాని మీద నుంచి వంగే కోణం చదునైపోయి, పీజో మీద ఒత్తిడి తగ్గిపోతుందట. మళ్ళీ మొదటికే వస్తాం. మెడ వంపుని సరిచేసే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీని మాత్రం ఎలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూసి వదిలేశాడు.

అయినా గుమ్మనడం తగ్గలేదు. ఆ డి స్వరం నా పెట్టెకి సొంత ఊపు ఉన్న చోటు. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం పై చెక్కని అదిలిస్తుంది, ఆ అదురు పీజోలోకి పోతుంది, మళ్ళీ స్పీకర్‌లోంచి వస్తుంది, ఆ చక్రం ఆగదు. దీన్ని తెంపింది మా పాటలకి సౌండ్ చూసే తమ్ముడు. వాడు వచ్చీ రాగానే సౌండ్ హోల్‌కి రబ్బరు మూత బిగించాడు. పీజో సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ (గిటార్‌లోనే ఉంటుంది) మీద నేను ఎన్నడూ ముట్టుకోని ఫేజ్ స్విచ్‌ని చూపించి, "ఇది నొక్కి చూడక్కా" అన్నాడు. సగం గోల అక్కడే పోయింది. స్పీకర్ తోసే తోపు, చెక్క ఊగే ఊపు కలిసొస్తే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, తిరగేస్తే కలవవు. కానీ స్పీకర్‌కి మనకి మధ్య దూరం మారితే లెక్క కూడా మారుతుంది కాబట్టి, వేదిక మారినప్పుడల్లా రెండు వైపులా నొక్కి వినాలి. మిగిలిన సగానికి మిక్సర్‌లో ఆ ఒక్క స్వరం దగ్గర సన్నగా కోత పెట్టాడు. 40 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో తీసేశాడు. నేను వాయించే స్వరాలేవీ అక్కడ లేవు, ఉన్నదల్లా చెయ్యి తగిలిన చప్పుళ్ళూ వేదిక మీద అడుగుల మోతే. బేస్ గిటార్‌లో బేస్ తీసేస్తున్నాడేంటి అని నేను గొణిగిన మాట నిజం. వినగానే నోరు మూసుకున్నాను.

బ్యాటరీ సంగతి చెప్పింది కూడా వాడే. ఇలాంటి గిటార్లలో చాలావాటికి స్విచ్ ఉండదు. కేబుల్ జాక్‌లో పెట్టడమే 9 వోల్టుల బ్యాటరీని ఆన్ చేయడం. వాయించడం అయిపోయాక కేబుల్ తీయకపోతే రాత్రంతా కరుగుతూనే ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి.

తీగలు మార్చింది మళ్ళీ మాస్టారే. బ్రాంజ్ తీగల మీద వేలు జరిగినప్పుడల్లా వచ్చే కీచుమనే చప్పుడు పీజోలో ఇంకా పెద్దగా వినపడుతుంది. ఆయన తన దగ్గర వాడకుండా ఉన్న నల్లటి నైలాన్ టేప్‌వౌండ్ తీగలు (పైన నైలాన్ పట్టీ చుట్టినవి) ఒక సెట్టు ఇచ్చేశారు. తిరిగి ఇస్తానంటే కోప్పడ్డారు. అవి లావుగా ఉంటాయి కాబట్టి నట్ (మెడ పైచివర తీగలు ఆనే బద్ద) మీద గాడులు వెడల్పు చేయించాల్సి వచ్చింది, అదీ అన్నే చేశాడు. కీచు పోయింది, స్వరం గుండ్రంగా, కాస్త డబుల్ బేస్ వైపు మొగ్గింది. నైలాన్‌లో బ్రాంజ్ మెరుపు లేదని అనేవాళ్ళున్నారు, నాకా మెరుపు అక్కర్లేదు. కుడిచేతి సంగతి కూడా ఆయన సరిచేశారు. పెట్టె చిన్నది కదా అని తీగని బలంగా లాగితే స్వరం పగులుతుంది తప్ప పెద్దది కాదు. ఫ్రెట్‌బోర్డు చివర దగ్గర మెత్తగా మీటి, గట్టితనం యాంప్‌కి వదిలెయ్యాలి. అరచేతి అంచు బ్రిడ్జ్ (శాడిల్ కూర్చున్న చెక్క) దగ్గర ఆనించి బొటనవేలితో వాయిస్తే స్వరాలు పొట్టిగా, లెక్కగా పడతాయి. మా పాటల్లో సగం ఇప్పుడు అలాగే వాయిస్తున్నాను.

మా గిటారిస్టుకి కూడా థాంక్స్. నాకు చోటు ఇవ్వడానికి కాపో (మెడకి బిగించి స్వరాన్ని పెంచే పట్టు) పెట్టుకుని పైకి జరిగి, కింది తీగల మీద స్ట్రమ్మింగ్ తగ్గించింది. అడగకుండానే చేసింది. ఇద్దరం ఒకే అడుగున తొక్కుకుంటున్నామని నాకంటే ముందు తనకే తెలిసినట్టుంది. ఇంట్లోవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు, ప్లగ్ చేయకుండా అర్ధరాత్రి సాధన చేసినా పక్క గదిలోకి వినపడదు. నా గిటార్‌లో వాళ్ళు మెచ్చుకునే గుణం అదొక్కటే.

చివరగా, తీసేసిన బ్రాంజ్ తీగలు నా దగ్గరే ఉన్నాయి, పెద్దగా వాడలేదు. గాడులు వెడల్పయ్యాయి కాబట్టి ఆ సన్నటి తీగలు ఇక నా గిటార్‌కి నిలవవు. 34 అంగుళాల స్కేల్ ఉన్న నాలుగు తీగల బేస్ ఎవరికైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. అమ్మకానికి పెట్టారుగా అని గిటార్ కోసం మాత్రం అడగకండి.