నానో కార్బన్ సంచి విప్పేచోట గాలిని కొలవండి: కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

బెంగళూరు పీణ్య, బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాడల్లో హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. బ్యాటరీ ఎలక్ట్రోడ్లలో, విద్యుత్తును ప్రవహింపజేసే ప్లాస్టిక్కుల్లో, ఎపాక్సీ పూతల్లో అక్కడ కార్బన్ నానోట్యూబుల (కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాల) పొడి, గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల అతి పలుచని పొర) కలుపుతారు. ఆ పొడి మగవారి సంతాన సామర్థ్యానికి చేయగల హానిని మీ శాఖ ఇంకా లెక్కలోకి తీసుకోవడం లేదన్నదే మా ఫిర్యాదు.

గట్టి ఆధారాలు ఇప్పటికి జంతు ప్రయోగాలవే. 2009లో జపాన్ పరిశోధకులు 14, 56 నానోమీటర్ల కార్బన్ కణాలను మగ ఎలుకల శ్వాసనాళంలోకి పంపితే రోజువారీ వీర్యకణాల ఉత్పత్తి పడిపోయింది. 2010లో చైనా పరిశోధకులు నానోట్యూబులను పదేపదే రక్తంలోకి ఎక్కిస్తే వృషణాల్లో వీర్యకణాలు తయారయ్యే పొర పలచబడింది. అయితే 60, 90 రోజులకు అది కోలుకుంది, సంతానమూ తగ్గలేదు. ఈ చివరి మాట పట్టుకుని భయమేమీ లేదనేవాళ్లున్నారు. సూదులు ఆపాకే కదా ఎలుక కోలుకుంది! షిఫ్టు మీద షిఫ్టు పీల్చేవాడికి ఆ విరామం ఏది? పైగా వీర్యకణం పొర నిండా అసంతృప్త కొవ్వులే, ఫ్రీ రాడికల్స్‌కు (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులకు) ఇట్టే దెబ్బతింటుంది. నానోట్యూబుల్లో మిగిలిపోయే ఇనుము, నికెల్ రేణువులు ఆ దెబ్బను పెంచుతాయి.

ఇక కొలత. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో నానోట్యూబులకు సూచించిన హద్దు, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము ఎలిమెంటల్ కార్బన్ (ఇతర మూలకాలతో కలవని కార్బన్). అది ఊపిరితిత్తులను దృష్టిలో పెట్టుకుని పెట్టింది. మామూలు కార్బన్ బ్లాక్‌కు (టైర్లలో, రంగుల్లో వాడే మసిపొడికి) వాడుకలో ఉన్న హద్దు 3.5 మిల్లీగ్రాములు, అంటే 3,500 రెట్లు. సరుకుతో వచ్చే ప్రమాద వివరాల పత్రంలో (సేఫ్టీ డేటా షీటులో) 'గ్రాఫైట్' అనో 'కార్బన్' అనో రాసి ఉంటే ఇన్‌స్పెక్టరు ఆ పెద్ద హద్దుతోనే సరిపెట్టేస్తారు. కణం వ్యాసం, పొడవు, లోహ మలినాల శాతం లేని షీటును తిప్పి పంపించాలి.

కొలిచినా తప్పు జరిగేది ఇక్కడే. పంపును రెండు గంటలు నడిపి 'గుర్తించదగినంత లేదు' అని రిపోర్టు ఇస్తారు. అంత తక్కువ గాలిలో 1 మైక్రోగ్రామును ఈ పద్ధతి పట్టుకోలేదు. పంపు కార్మికుడి కాలరు దగ్గర, క్వార్ట్జ్ ఫిల్టరుతో, నిమిషానికి 4 లీటర్ల చొప్పున పూర్తి షిఫ్టు నడవాలి. అప్పుడే దాదాపు 1.9 ఘనపు మీటర్ల గాలి ఫిల్టరు గుండా వెళ్తుంది. డీజిల్ పొగలోనూ ఎలిమెంటల్ కార్బనే ఉంటుంది కాబట్టి, పీణ్య లారీల మధ్య, షెడ్డు బయట మరో పంపు పెట్టి ఆ లెక్క తీసేయాలి. కొన్ని ఫిల్టర్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడనిదే గాలిలో ట్యూబులున్నాయో లేదో తేలదు.

దుమ్ము ఎక్కువగా లేచేది సంచి మూతి కత్తిరించి తూకం వేసేటప్పుడు, ఖాళీ సంచి దులిపి మడిచేటప్పుడు. దూదికన్నా తేలికైన పొడి, ఫ్యాను గాలికే ఎగిరిపోతుంది. ఆ పని అతి సన్నటి కణాలను పట్టే హెపా ఫిల్టరున్న మూసిన అరలోనే జరగాలి. అర ముందు గాలి వేగం సెకనుకు 0.4 నుంచి 0.5 మీటర్లు చాలు, ఎక్కువైతే సుడి తిరిగి పొడి బయటికే వస్తుంది. చీపురు, కంప్రెసర్ గాలి నిషేధించి, హెపా వాక్యూమ్, తడిగుడ్డ తప్పనిసరి చేయండి. పని బట్టలు ఫ్యాక్టరీలోనే ఉతకాలి. పొడికి బదులు పేస్టు కొనమనడం మంచి సలహాయే. కానీ బ్యాటరీ పేస్టుల్లో ద్రావణిగా వాడే ఎన్‌ఎమ్‌పీ కూడా పునరుత్పత్తికి హానికరమే. నీటి ఆధారిత పేస్టు దొరికే చోట దాన్నే అడగాలి.

వీర్య పరీక్ష స్వచ్ఛందంగా, గోప్యంగా ఉండాలి. ఫలితం వైద్యుడికీ కార్మికుడికీ తప్ప యజమానికి తెలియకూడదు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, కాబట్టి నేటి నమూనా రెండు మూడు నెలల కిందటి శరీరాన్ని చూపిస్తుంది. చేరేటప్పుడు ఒకసారి, మూడు నెలలకు మరోసారి, ప్రతిసారీ 2 నుంచి 7 రోజుల సంయమనం తర్వాత చేయాలి. డ్రయింగ్ ఓవెన్ దగ్గర నిలబడేవాళ్లను వేరుగా రాసుకోవాలి, వేడి కూడా వీర్యకణాల సంఖ్యను తగ్గిస్తుంది. కాంట్రాక్టరు మారగానే మనిషి రికార్డులోంచి మాయమవుతున్నాడు. అందుకే ఈ రిజిస్టరు కాంట్రాక్టరు చేతిలో కాక ఫ్యాక్టరీ పేరిట ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
పారిశ్రామిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న బెంగళూరు తెలుగువారం