ఊయల పని చేస్తుందా అని అడిగావు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మీ అక్కయ్య కొడుక్కి సెన్సరీ థెరపీ, అంటే ఊయల ఊపడం లాంటి ఆటలతో ఇంద్రియాలకు సాధన ఇచ్చే చికిత్స, చేయించమన్నారట. అది పని చేస్తుందని ఎవరు తేల్చారని అడిగి, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలిగేలా సాయపడే వృత్తి) చేసేవాణ్ని ఇలా నిలదీస్తే నొచ్చుకుంటానేమోనని సంకోచించావు. నొచ్చుకోవడం ఎందుకురా, సంతోషించాను. మమ్మల్ని ఇలా అడిగేవాళ్లే తక్కువ.

కాలిఫోర్నియాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండేవారు. చదువులో వెనకబడిన పిల్లల్లో కొందరికి స్పర్శ, కదలిక, ఒంటి సమతూకం విషయంలో కూడా ఇబ్బంది ఉందని గమనించారు. పరీక్షలు తయారుచేసి, వాటి ఫలితాలను లెక్కలతో జల్లెడ పట్టి, 1972లో పుస్తకం రాశారు. ఇంద్రియాలు అందించే సమాచారాన్ని మెదడు పొందిగ్గా కూర్చుకోలేకపోతే నేర్చుకోవడం దెబ్బతింటుందని ఆవిడ వాదం. ఇప్పుడు హైదరాబాదులో పిల్లల థెరపీ సెంటర్లలో వేలాడే ఊయలలకు మూలం అదే. చొక్కా లేబుల్ గుచ్చుకుంటోందని ఏడ్చే పిల్లవాడు మొండివాడు కాదని, వాడికి నిజంగానే బాధ ఉందని పెద్దవాళ్లు గుర్తించడానికి దారి వేసింది ఆ ఆలోచన. అందుకు ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 (2013) కూడా ఇలాంటి ఇంద్రియ సంబంధ ఇబ్బందులను ఆటిజం లక్షణాల్లో చేర్చింది.

అయితే ఇబ్బంది ఉందని తేలినంత మాత్రాన ఊయలతో అది తగ్గుతుందని తేలినట్టు కాదు. మా వృత్తిలో చాలాకాలం ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడాం. పిల్లలు ఎలాగూ ఎదుగుతారు. ఆరు నెలల్లో ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. డబ్బూ ఆశా పెట్టిన తల్లికీ, ప్రాణం పెట్టి పని చేసిన థెరపిస్టుకీ అది థెరపీ ఫలితంగానే కనిపిస్తుంది. అందులో మోసం లేదు, కానీ రుజువు కూడా లేదు. అందుకే పోల్చి చూడటానికి ఇంకో జట్టు కావాలి. వేల్స్, ఇంగ్లండ్‌లలో ఆటిజం ఉన్న 138 మంది పిల్లలను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ థెరపీ, రెండో జట్టుకు మామూలుగా అందే సేవలు ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. చిరాకు, ఆందోళన వంటి ప్రవర్తనల్లో ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు పదేళ్ల ముందే, 2012లో, ఈ థెరపీకి ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన సభ్యులకు సూచించింది.

ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు మావాళ్లు కొందరు ముఖం తిప్పుకుంటారు. నాకది నచ్చదు. రోజూ పిల్లవాడి పక్కన కూర్చునేవాడికి తెలిసే సంగతులు ఉంటాయి, నిజమే. కానీ వాటినీ పరీక్షకు పెట్టాల్సిందే.

అలాగని అంకెలు వేసినదంతా సత్యమనీ అనను. రోగి రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే 1965 నాటి బార్తెల్ సూచీ, స్వయంగా తినగలరా అనేదాన్ని కొలిచేటప్పుడు, పళ్లెంలోది ముక్కలు కోసుకోవడానికి సాయం కావాలా అని చూస్తుంది. పక్షవాతం వచ్చిన మన పెద్దాయనకు కావలసింది కుడిచేత్తో పప్పన్నం కలిపి ముద్ద నోటిదాకా తీసుకెళ్లడం. కత్తి ఆయనకెందుకు? మా వృత్తిలో మనిషి పనులను స్వీయ సంరక్షణ, ఉత్పాదకత, తీరిక వేళ కాలక్షేపం అని మూడు గంపల్లో పడేయడం పాశ్చాత్య దేశాల సంపన్నుల ఊహ అని కెనడాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపీ పరిశోధకురాలు కరెన్ వేలీ హామెల్ గట్టిగా ప్రశ్నించారు. మనవరాలికి జడ వేసే నాయనమ్మ చేస్తున్నది ఈ మూడింటిలో ఏది? మన ఇళ్లలో పుట్టిన ప్రశ్నలతో మన దగ్గర పరిశోధనలు ఇంకా చాలా జరగాలిరా. ఈ మాట ఎవరు దొరికితే వాళ్లకు చెప్తున్నాను.

ఇక మేనల్లుడి సంగతి. సెంటరు మానేయమని చెప్పను. మొదట అక్కయ్యనే అడుగు: వాడు ఏ పని చేయగలిగితే ఇంట్లో అందరికీ రోజు తేలికవుతుంది? అన్నం తినడమా, బడిలో కూర్చోవడమా, తల దువ్వించుకోవడమా? ఏదో ఒకటి ఎంచుకుని, ఆ పనినే నేరుగా సాధన చేయించమని థెరపిస్టుకు చెప్పండి. ఎన్ని వారాల్లో సరిచూసుకుందామో ముందే మాట్లాడుకోండి. అక్కయ్య రోజూ ఒక నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాసుకోవాలి. గడువుకు మార్పు లేకపోతే పద్ధతి మార్చమనాలి. ఆ మాటకు కోపగించుకునే థెరపిస్టు అయితే వేరేచోట చూద్దాం, నేను వాకబు చేస్తాను.

అక్కయ్య ఏమందో తెలిశాక ఆదివారం ఫోను చెయ్యి. వాడు ఏం తింటాడో, ఏం తినడో కూడా కనుక్కో.

నీ
నేస్తం