కేబుల్ పట్టింది కదా అని పెట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో కొత్త కంప్యూటర్ కొనేవాళ్ల కోసం అర పేజీ వ్యాసం వేశారు. ఏ గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మను, వీడియోను నడిపించే భాగం) ధర ఎంత, ఎన్ని జీబీలు, ఏ గేమ్ ఎంత సాఫీగా ఆడుతుంది, అన్నీ ఉన్నాయి. ఆ కార్డుకు కరెంటు ఏ కేబుల్ మీదుగా వస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క తెలియకనే నేను రెండు హార్డ్ డిస్కులు కాల్చుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

హనుమకొండ నయీంనగర్‌లో నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందే. ఇప్పుడు అందరూ ఫోర్‌కే కావాలంటున్నారు. పాత కార్డు మీద ఒక పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే తెల్లారినా సగం కాకపోయేది. అప్పు చేసి కొత్త కార్డు తెచ్చాను. దానికి ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండున్నాయి. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా, అదే పవర్ సప్లై, పాతది 500 వాట్లది, చాలదన్నారు. 750 వాట్లది కూడా కొన్నాను.

బిగించడం నేనే. ఇంతకుముందు ర్యామ్ మార్చాను, ఫ్యాన్లు మార్చాను, ఇదెంత అనుకున్నా. కార్డు దగ్గర చాలా జాగ్రత్త పడ్డాను కూడా. కార్డుకు వెళ్లే కేబుల్ కొసన ఆరు పిన్నుల ముక్క ఒకటి, రెండు పిన్నుల చిన్న ముక్క ఒకటి విడివిడిగా ఉంటాయి. రెంటినీ అంచు కలిపి పట్టుకుని ఒకేసారి నొక్కితే కొక్కెం టక్కున పడుతుంది. ప్రాసెసర్‌కు వెళ్లే కేబుల్‌కూ ఎనిమిది పిన్నులే కానీ అది నాలుగు, నాలుగుగా విడిపోతుంది. అదీ ఇదీ తారుమారు కాకుండా ప్లగ్గు మీద రాసింది టార్చి వేసి మరీ చదివాను. రెండు సాకెట్లకూ ఒకే కేబుల్ పాయల్ని పెట్టకుండా రెండు వేరువేరు కేబుళ్లు లాగాను. ఇంత తెలివి చూపించినవాణ్ని హార్డ్ డిస్కుల దగ్గర బద్ధకించాను.

డిస్కులకు వెళ్లే పాత కేబుల్ క్యాబినెట్ వెనక వైపు జిప్ టైలతో నీటుగా కట్టి ఉంది. అవన్నీ కోసి, కొత్తది దూర్చి మళ్లీ కట్టడం ఎందుకులే అని, పాత పవర్ సప్లై నుంచి దాన్ని ఊడదీసి కొత్తదానికి గుచ్చాను. సరిగ్గా పట్టింది. వదులు లేదు, బిగుతు లేదు. స్విచ్ వేశాను. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగింది. చిటుక్కుమని చప్పుడు, వెంటనే కాలిన బేక్‌లైట్ వాసన.

ఆ డిస్కుల్లో జమ్మికుంట పెళ్లి ఉంది. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ కొట్టి ఇంకో పెళ్లికి పంపేశాం. అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తమ్మీ, మా బిడ్డ అప్పగింతలు కూడా పోయినయా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

రిపేరు చేసే అబ్బాయి మీటర్ పెట్టి చూపించాడు. ఆ పాత కేబుల్‌ను కొత్త పవర్ సప్లైకి పెట్టి, హార్డ్ డిస్కు వైపు ప్లగ్గులో 5 వోల్టులు రావాల్సిన చోట ముల్లు ఆనిస్తే మీటర్‌లో 12 కనబడింది. అంతే సంగతి. గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పెద్ద పలక), డిస్కు వైపు ప్లగ్గుల్లో ఏ పిన్నుకు ఏ వోల్టేజీ అనేదానికి ప్రమాణం ఉంది, ఎవరు తయారుచేసినా అలాగే ఉండాలి. ఊడదీసి పెట్టుకునే కేబుళ్లుండే రకంలో పవర్ సప్లై వైపు కొసకు అట్లాంటి ప్రమాణమేదీ లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో వరస. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకే కలవకపోవచ్చు. ప్లాస్టిక్ ఆకారం మాత్రం చాలాసార్లు ఒకేలా ఉంటుంది, అందుకే పడుతుంది. ఇదివరకు పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు గ్రౌండ్ అని రంగు చూసి గుర్తుపట్టేవాళ్లం. ఇప్పుడు అందం కోసం అన్నీ నలుపే.

నా అదృష్టం, డిస్కు బోర్డు మీద బియ్యపు గింజంత డయోడ్ ఒకటి ఉంటుందట. వోల్టేజీ ఎక్కువొస్తే అది తాను కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. ఒక డిస్కులో దాన్ని తీసేస్తే డేటా వచ్చింది. రెండోది రాలేదు. ఎదురుకోళ్లు, జీలకర్రబెల్లం, తలంబ్రాలు దొరికాయి. అప్పగింతలు రెండోదాంట్లో ఉన్నాయి.

ఇంకో రెండు మాటలు కూడా మీ వ్యాసంలో ఉండాల్సింది. కార్డుకు మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లే. ఎనిమిది పిన్నుల కేబుల్ ఒక్కోటి 150 వాట్లు ఇస్తుంది. పవర్ సప్లైకి ఆ కేబుల్ లేదని బజారులో దొరికే కన్వర్టర్ కొని హార్డ్ డిస్కు కేబుల్ నుంచి కార్డుకు కరెంటు తీసుకునేవాళ్లున్నారు. ఆ డిస్కు ప్లగ్గు 12 వోల్టుల దగ్గర తట్టుకునేది 54 వాట్లు. దాని మీద 150 లాగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మా పక్క షాపులోనే అట్లాంటిది ఒకటి నడుస్తోంది, చెప్పినా వినడు.

పెద్ద కార్డులకు ఇప్పుడు పదహారు పిన్నుల కొత్త ప్లగ్గు వస్తోంది. 600 వాట్ల దాకా మోస్తుంది, అంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు. మన గీజర్ సాకెట్ 16 ఆంపియర్లది! 2022 అక్టోబర్‌లో ఎన్విడియా కంపెనీ పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే ఆ ప్లగ్గులు కరిగిపోయిన ఫొటోలు బయటకొచ్చాయి. ఎక్కువ కేసుల్లో ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగలేదని ఎన్విడియా చెప్పింది. తర్వాత పక్కనుండే నాలుగు చిన్న పిన్నులను పొట్టివి చేశారు, సరిగా దిగకపోతే కార్డు కరెంటు తీసుకోకుండా. అయినా మనం చేయాల్సింది మనకుంది: సందు కనబడనంత దాకా నొక్కాలి, ప్లగ్గు మొదట్లోనే కేబుల్ వంచకూడదు. క్యాబినెట్ మూత పట్టడం లేదని చేత్తో అదిమి మూస్తారు చూడండి, అక్కడే వస్తుంది తంటా.

నా కార్డు డబ్బాలో చాలా భాషల్లో కాగితం వచ్చింది, తెలుగు లేదు. కంపెనీలు ఎప్పుడు వేస్తాయో నాకు తెలియదు. మన దగ్గర అమ్మే షాపులవాళ్లయినా ఒక పని చేయొచ్చు. పవర్ సప్లై అమ్మేటప్పుడు "పాతదాని కేబుళ్లు దీనికి వాడొద్దు" అని తెలుగులో చిన్న స్టిక్కర్ డబ్బా మీద అంటించాలి. రూపాయి ఖర్చు. నాకు అమ్మినతను వారంటీ కార్డు మీద ముద్ర వేయడానికి పది నిమిషాలు వెతికాడు కానీ ఈ మాట చెప్పలేదు. మీరు కూడా వచ్చే ఆదివారం పేజీలో ఒక చిన్న బాక్స్ కట్టి వేయగలరని మనవి.

జమ్మికుంట పెళ్లి వీడియో పోయిన వారమే ఇచ్చాను. అప్పగింతల చోట పెళ్లికూతురు మేనమామ సెల్‌ఫోన్‌లో తీసింది తెప్పించి కలిపాను. నిలువుగా తీశాడు, రెండు పక్కలా నల్లగా ఉంటుంది. పైగా సగం సేపు ఆయన ఏడుస్తున్న చప్పుడే. డబ్బులు తీసుకోలేదు.

ఇట్లు,
ఒక వీడియో మిక్సింగ్ పనివాడు,
నయీంనగర్, హనుమకొండ