కప్పులో పాము కథ, మొత్తం చెప్తా విను

రేయ్ మామా,

ఎలా ఉన్నావ్, ఇంట్లో అందరూ కులాసానా? మీ ఆఫీసులో చైనా అమ్మాయి ఎవరో కప్పులో పాము అని ఏదో సామెత వాడింది, అదేంట్రా అని మొన్న ఫోన్లో అడిగావు కదా, అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

వాళ్ళు దాన్ని బేయ్ గోంగ్ షె యింగ్ అంటారు. తాగే కప్పు, విల్లు, పాము, నీడ, అంతే, నాలుగక్షరాలు. లేనిది ఊహించుకుని హడలిపోయేవాళ్ళని అలా అంటారు. కానీ అసలు కథ చదివితే భయపడ్డవాడి మీద జాలేస్తుంది రా, ఆ భయం పోగొట్టినాయన మీద గౌరవం కలుగుతుంది.

చైనాలో హాన్ రాజుల కాలం నాటి మాట. ఇప్పటి హెనాన్ ప్రాంతంలో జి అనే చోట యింగ్ చెన్ అనే ఆయన మేజిస్ట్రేట్. పగలు బాగా పొడుగుండే రోజున తన దగ్గర రికార్డులు చూసే ఉద్యోగి దు శ్వెన్‌ని పిలిచి మందు పోయించాడు. ఉత్తరపు గోడకి ఎర్ర విల్లు ఒకటి వేలాడుతోంది, మీట నొక్కితే బాణం వదిలే రకం. దాని నీడ కప్పులో పడి అచ్చం పాములా కనపడింది. దు శ్వెన్‌కి ఒళ్ళు జలదరించింది, కానీ ఎదురుగా పై ఆఫీసరు, వద్దండీ అనే ధైర్యం లేదు, కళ్ళు మూసుకుని తాగేశాడు. నాకు కథలో అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే మామా, పాము ఉందని నమ్ముతూనే తాగాడు!

ఆ రోజు నుంచే గుండెల్లో, కడుపులో నొప్పి, అన్నం సయించదు, మనిషి చిక్కి సగమైపోయాడు. ఎన్ని వైద్యాలు చేయించినా తగ్గలేదు. తర్వాత ఎప్పుడో యింగ్ చెన్ ఏదో పని మీద వాళ్ళింటికెళ్ళి, ఏమైందయ్యా అని అడిగితే అప్పుడు బయటపెట్టాడు, పాము నా కడుపులోకి వెళ్ళిందండీ అని.

ఇంకెవరైనా అయితే నీ మొహం, పామేంటి అని కసిరేసి పోయేవాళ్ళు. ఈయన తిన్నగా ఆఫీసుకొచ్చి కూర్చుని చాలాసేపు ఆలోచించాడు, వెనక్కి తిరిగి చూస్తే గోడ మీద విల్లు కనపడింది. వెంటనే మనిషిని పంపి దు శ్వెన్‌ని బండిలో మెల్లిగా తీసుకురమ్మన్నాడు. మళ్ళీ అదే చోట మందు పెట్టించాడు, మళ్ళీ కప్పులో పాము! ఇది ఆ విల్లు నీడయ్యా, ఇంకేం లేదు అని చూపించాడు. అంతే, మనసు తేలికపడింది, జబ్బు పోయింది. ఆ దు శ్వెన్ తర్వాత పెద్ద పెద్ద పదవులు చేసి మంచి పేరు తెచ్చుకున్నాడట.

దీన్ని రాసింది ఎవరనుకున్నావ్, ఆ మేజిస్ట్రేట్ మనవడే. యింగ్ షావ్ అని, రెండో శతాబ్దం చివర్లో ఫెంగ్సు తోంగ్యి అనే పుస్తకంలో, వింతలు చూసి బెదిరి తమకి తామే చేటు తెచ్చుకునేవాళ్ళ సంగతి చెప్తూ ఇది రాశాడు. ఇంకో వెర్షన్ కూడా ఉంది, అందులో యువె గ్వాంగ్ అనే ఆఫీసరు, ఆయన స్నేహితుడు ఉంటారు, కథ దాదాపు ఇదే. అది 648లో పూర్తయిన జిన్ వంశ చరిత్రలో వస్తుంది.

మనకీ తాడుని చూసి పామనుకోవడం ఉంది కదా, అద్వైత గురువు గౌడపాదుడు మాండూక్య కారికల్లో ఎప్పుడో చెప్పాడు. అక్కడ తాడని తెలియగానే పాము లేదు, అయిపోయింది. ఇక్కడ పాము అబద్ధమే కానీ నొప్పి నిజం, అందుకే ఈ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. నొప్పి నిజమేనా అంటావేమో, 12 కోవిడ్ టీకా ట్రయల్స్ లెక్కలన్నీ కలిపి 2022లో చూస్తే, టీకా మందు లేని సూది వేయించుకున్నవాళ్ళలోనే మొదటి డోసుకి దాదాపు 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటివి ఉన్నాయన్నారు. అన్నీ భయం వల్లే అనట్లేదు, కానీ ఏదో అవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఒళ్ళు వింటుంది రా. నొసీబో అంటారు డాక్టర్లు. అలాంటివాళ్ళని నటిస్తున్నారు అనడం నాకస్సలు నచ్చదు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, ఆకాశం కూలి మీద పడుతుందేమోనని తిండీ నిద్రా మానేసిన చీ రాజ్యపు మనిషి కథ, లియెజి అనే పాత చైనా పుస్తకంలో వస్తుంది. ఎప్పుడో జరగబోయేదాని గురించి బెంగపడేవాళ్ళకి అది వాడతారు, కళ్ళ ముందున్నదాన్నే ఇంకోటనుకుని జడుసుకునేవాళ్ళకి కప్పులో పాము. రెండూ కలిపేయకు.

ఒక పని చెయ్, ఆ అమ్మాయిని అడుగు, చిన్నప్పుడు దు శ్వెన్ కథ విందా, యువె గ్వాంగ్‌దా అని. ఏం చెప్పిందో నాకు మెసేజ్ పెట్టు. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

ఉంటా మరి,
నీ మామ