బ్లాక్ ఫారెస్ట్ కేకు మా వంటింట్లో కుదిరేలా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్లాక్ ఫారెస్ట్ కేకు, అంటే పొరల మధ్య క్రీమ్, చెర్రీలు పెట్టే చాక్లెట్ కేకు, ఇంట్లో చేసుకునే విధానం వేశారు. ఫొటో చాలా బాగుంది, మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారు కూడా. కానీ ఆ పేజీ ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెడితే మూడో లైను దాటి కదలలేం. ఒక కప్పు మైదా అన్నారు, ఏ కప్పు? క్రీమ్ అన్నారు, ఏ క్రీమ్? చెర్రీలు అన్నారు, ఎక్కడి చెర్రీలు? మా పక్కింటి ఒడియా ఆవిడకి తెలుగు బాగా అర్థమవుతుంది గానీ చదవడం రాదు, నేను చదివి వినిపిస్తుంటే ప్రతి మాట దగ్గరా ఆపి "ఎంత వెయ్యాలి, ఎంతసేపు ఉంచాలి" అని అడుగుతూనే ఉంది, అందులో రాసి ఉంటే కదా నేను చెప్పడానికి.

మాది పర్లాకిమిడి. నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. 1936లో ఒడిశాలో కలిసినా మా ఇళ్లలో మాట తెలుగే, పొద్దున్న కాఫీతో పాటు చేతిలో ఉండేది మీ పేపరే. గుణుపురం, రాయగడ, బరంపురంలో ఉన్న మా చుట్టాలదీ ఇదే వరస. ఇక్కడ కేకుకి గిరాకీ లేదనుకోకండి. పుట్టినరోజులు సరే, మా గజపతి జిల్లా కొండ ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ, డిసెంబరు వచ్చిందంటే కేకుల కోసం టౌనుకి దిగుతారు. ఇంట్లో చేసుకోవాలని కోరిక ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొచ్చేలా రాయమనే ఈ ఉత్తరం.

ముందు చెర్రీ సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే పట్టింపు అక్కడే. బేకరీ కేకు మీద ఎర్రగా మెరుస్తూ కూర్చునే ఆ పండు మన దేశంలో చాలాచోట్ల చెర్రీయే కాదు, వాక్కాయ. గింజ తీసి, పంచదార పాకంలో నానబెట్టి, ఎర్రరంగు పట్టించిన వాక్కాయ. డబ్బా తిప్పి వెనకాల పదార్థాలు చదివితే చాలావాటి మీద కరోండా (వాక్కాయకి హిందీ పేరు) అనే ఉంటుంది, దాని పక్కనే రంగు కూడా. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలని ఎంతమందికి తెలుసో, ఇది అంతమందికి తెలియదు. అసలు చెర్రీలు కశ్మీర్, హిమాచల్ వైపు పండుతాయి, ఎండాకాలంలో కొన్ని వారాలే వస్తాయి, మా దాకా వచ్చేసరికి సగం మెత్తబడిపోయి ఉంటాయి, ధర సంగతి చెప్పక్కర్లేదు.

అదే వాక్కాయ అయితే మా దగ్గర వానాకాలంలో సంతకి గంపలతో దిగుతుంది. పప్పులో వేస్తాం, పులిహోర చేస్తాం, రోటి పచ్చడి నూరుతాం. ఆ కాయనే ఎక్కడో రంగు నీళ్లలో ముంచి డబ్బాలో పెట్టి మళ్లీ మనకే అమ్ముతుంటే, అది తెచ్చుకుని కేకు మీద పెట్టి చెర్రీ అని పిల్లలకి చెప్పడం నాకు నచ్చదు. మన చేత్తో మనం చేసుకుంటే రంగు అక్కర్లేదు, రుచి కూడా అంతకంటే ఎంతో బాగుంటుంది.

రుచి గురించి ఊరికే అనడం లేదు. ఈ కేకు పుట్టిన జర్మనీలో దీనికి వాడేది తియ్యటి చెర్రీ కాదు, పుల్లటి చెర్రీ. చాక్లెట్ చేదు, క్రీమ్ జిడ్డు, వీటి మధ్యలో ఆ పులుపు తగిలితేనే రెండో ముక్క తినాలనిపిస్తుంది. 1915లో బాడ్ గోడెస్‌బెర్గ్ అనే ఊళ్లో తానే మొదట చేశానని యోసెఫ్ కెల్లర్ అనే మిఠాయి మాస్టారు చెప్పుకున్నాడు, దాన్ని అందరూ ఒప్పుకోరు, రాతలో మాత్రం 1934 నాటికి ఈ కేకు పేరు కనిపిస్తుంది. అక్కడ చెర్రీల నుంచి తీసిన కిర్ష్ అనే సారా కూడా పోస్తారు, దాని రుచి నాలుకకి తెలియకపోతే ఆ పేరు పెట్టి అమ్మకూడదని వాళ్ల నిబంధన. పిల్లలు తినే ఇంట్లో మనకి అది అక్కర్లేదు. కానీ ఆ పులుపు కావాలి, మన బేకరీ కేకుల్లో లేనిది సరిగ్గా అదే, తీపి మీద తీపి, దాని మీద ఇంకో తీపి. వాక్కాయ ఆ లోటు తీరుస్తుంది.

నేను చేసే పద్ధతి రాస్తున్నాను, బాగుందనిపిస్తే వేయండి. మరీ పచ్చివి కాకుండా దోరగా ఎరుపెక్కిన కాయలు ఏరుకోవాలి. కోయగానే తెల్లటి పాలు కారతాయి, వేళ్లకి బంకలా పట్టుకుంటే సబ్బుకీ పోదు, అందుకని ముందే చేతికీ చాకుకీ కాస్త నూనె రాసుకోవాలి. నిలువుగా రెండు చెక్కలు చేసి, చాకు మొనతో గింజలు గీరి తీసేసి, ముక్కల్ని ఉప్పు నీళ్లలో వేస్తూ పోవాలి. అన్నీ అయ్యాక మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి వార్చేయాలి, దాంతో వగరు తగ్గుతుంది. గింజ తీసిన ముక్కలు పావుకిలో ఉంటే పంచదార పావుకిలో, నీళ్లు 200 మిల్లీలీటర్లు. పంచదార కరిగి పొంగు వచ్చాక ముక్కలు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి, ముక్క మెత్తబడి చెదిరిపోకముందే దించేయాలి. ఒక లవంగం, చిన్న దాల్చినచెక్క ముక్క వేస్తే వేయొచ్చు. రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారేసరికి పాకం గులాబీ ఎరుపులోకి తిరిగి, జామ్‌లా చిక్కబడి గరిటెకి పట్టుకుంటుంది. వాక్కాయలో పెక్టిన్ అనే, జామ్‌ని గడ్డకట్టించే పదార్థం ఎక్కువ, అందుకే అంత చిక్కబడుతుంది, విడిగా కార్న్‌ఫ్లోర్ కలపక్కర్లేదు. ఆ పాకంలోనే కొంచెం తీసి వేడినీళ్లు కలిపి పల్చన చేసుకుంటే కేకు పొరలు తడపడానికి పనికొస్తుంది.

ఇక క్రీమ్. మీ వ్యాసంలో "క్రీమ్‌ను బాగా గిలకొట్టాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది నమ్మి షాపులో దొరికే చిన్న అట్టడబ్బా ఫ్రెష్ క్రీమ్ తెచ్చి గిలకొట్టినవాళ్లు ఎంత కొట్టినా అది నీళ్లలాగే ఉండిపోయి ఎంత టెన్షన్ పడి ఉంటారో నేను ఊహించగలను. ఆ డబ్బాలో కొవ్వు 25 శాతమే. నురగ నిలబడాలంటే కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, అదీ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంలోనే. చల్లగా ఉన్నప్పుడే కొవ్వు కణాలు ఒకదానికొకటి అంటుకుని గాలి బుడగల్ని పట్టుకుంటాయి, వేడి తగిలితే కొవ్వు కరిగి గాలి జారిపోతుంది. మా ఊళ్లో మే నెలలో, పైగా కరెంటు పోతూ వస్తూ ఉండే మధ్యాహ్నం, గిన్నెని ఐసు ముక్కలు, ఉప్పు వేసిన పెద్ద పళ్లెంలో పెట్టుకోకుండా క్రీమ్ కొట్టాలనుకోవడం వృథా. తెల్లవారుజామున చేసుకోవడం మేలు. ఇవి రాయాల్సిన సంగతులు కావా?

బేకరీలో ఎండకి కరగకుండా నిలబడే తెల్లటి క్రీమ్ చాలావరకు పాలది కాదు. పామ్ గింజల నూనెని గట్టిపరచి, నీళ్లు, పంచదార కలిపి చేసేది. డబ్బా మీద హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని రాసి ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెని గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకి చెడు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది, అది మంచిదే, అయినా తినేది క్రీమా, నూనెనా అని తెలుసుకుని తినడం జనానికి అవసరం. మీ పేజీలో ఒక్క వాక్యం రాస్తే వేలమంది చదువుతారు.

మరి కొట్టితే నురగ నిలబడే విప్పింగ్ క్రీమ్ దొరకని మాలాంటి ఊళ్లో ఏం చేయాలి? మాకు ఒడిశా ఇచ్చిన వరం ఒకటుంది, ఛెనా, అంటే పాలు విరిచి నీళ్లు వార్చిన ముద్ద. ఏ మిఠాయి కొట్టుకి వెళ్లినా ఆ పూట విరిచిన తాజా ఛెనా దొరుకుతుంది. పావుకిలో ఛెనాని పల్చటి గుడ్డలో మూటకట్టి నీళ్లు పిండేసి, 60 గ్రాముల పంచదార పొడి, చల్లటి ఫ్రెష్ క్రీమ్ 100 మిల్లీలీటర్లు వేసి మిక్సీలో తిప్పాలి. ఒకేసారి తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కుతుంది, ఆపి ఆపి తిప్పాలి. వేళ్ల మధ్య రుద్ది చూస్తే గరుకు తగలకూడదు, అప్పటిదాకా వదలకూడదు. ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచితే చాకుతో పరిచేంత గట్టిపడుతుంది. జర్మనీ కేకు మీద ఉండే నురగ క్రీమ్ లాంటి తేలికదనం దీనికి రాదు, ఆ మాట నిజమే. కానీ వాక్కాయ పులుపుకీ చాక్లెట్‌కీ ఇది చక్కగా కలుస్తుంది, ఎండకి తొందరగా జావ కాదు. ఛెనా కాబట్టి ఆ రోజే తినేయాలి. ఛెనాపోడ (ఛెనాని పంచదారతో కలిపి కాల్చే ఒడియా మిఠాయి) కాల్చుకునే ఊళ్లలో ఛెనాని కేకులో వాడటం ఎవరికీ వింత కాదు.

కేకు గురించి తొందరగా చెప్పేస్తాను, అందులో పెద్ద చిక్కు లేదు. దయచేసి కొలతలు గ్రాముల్లో ఇవ్వండి. ఒకే కప్పుని దులిపి నింపితే మైదా ఒక బరువు, అదిమి నింపితే ఇంకో బరువు. ఇప్పుడు చిన్న డిజిటల్ తూకాలు పెద్ద ఖరీదేం కాదు. 18 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకి నాలుగు గుడ్లు, పంచదార 120 గ్రాములు, మైదా 90, తీపి కలపని కోకో పొడి 30, నూనె 30 గ్రాములు. గుడ్లూ పంచదారా బీటరుతో కొడుతూ ఉంటే మూడింతలై తెల్లబడతాయి, బీటరు ఎత్తితే జారిన ధార పైన గీతలా కాసేపు నిలబడాలి. మైదా, కోకో కలిపి రెండుసార్లు జల్లించి, గరిటెతో అడుగు నుంచి పైకి మడుస్తూ కలపాలి, చివర్లో నూనె. గాలి పోకుండా కలిపితే బేకింగ్ పౌడర్ కూడా అక్కర్లేదు. కార్తీకంలో గుడ్డు ముట్టని ఇళ్లకి పెరుగు, వంట సోడాతో చేసే పద్ధతి విడిగా వేయండి, పెరుగు పులుపు తగిలితేనే సోడా పొంగుతుంది, పాలు పోసి సోడా వేస్తే కేకు సరిగ్గా లేవదు, సోడా వాసన మిగులుతుంది.

ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర అరగంట దాటి పడుతుంది. ఓవెన్ లేని ఇళ్లే మాలో ఎక్కువ, పాత కుక్కరు అందరికీ ఉంటుంది. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతకి గ్యాస్కెట్ (రబ్బరు రింగు), విజిల్ రెండూ తీసేసి పది నిమిషాలు వేడిచేసి, అప్పుడు టిన్ను దింపి సన్నని సెగ మీద ముప్పావుగంట దాకా ఉంచాలి. గ్యాస్కెట్, విజిల్ తీయాలన్న మాట పెద్ద అక్షరాల్లో వేయండి, కొత్తవాళ్లు మర్చిపోతే ప్రమాదం. మొదటి అరగంట మూత తీయకూడదు.

పొరలు కోయడానికి పెద్ద చాకు ఉండాలని రాశారు, అక్కర్లేదు. కేకు ఒక రాత్రి ఆరాక, చాకుతో చుట్టూ పైపైన గాటు పెట్టి, ఆ గాటులో గట్టి కుట్టుదారం కూర్చోబెట్టి, రెండు కొసలూ ఒకదాని మీంచి ఒకటి దాటించి మెల్లగా లాగితే దారం కేకుని సమంగా కోసుకుంటూ బయటికి వచ్చేస్తుంది, పొడి రాలదు. మూడు పొరలు చేసి, ఒక్కోదాన్నీ వాక్కాయ పాకంతో తడిపి, ఛెనా క్రీమ్ రాసి, ముక్కలు పరిచి, మళ్లీ పొర. పైన డార్క్ చాక్లెట్ బిళ్లని ఫ్రిజ్‌లోంచి తీసి బంగాళాదుంప పీలర్‌తో గీరితే రేకులు వస్తాయి.

నా కోరిక ఒక్కటే. ఈ రకం పేజీ వేసేటప్పుడు అది పెద్ద నగరాల్లో, పెద్ద సూపర్ మార్కెట్ పక్కన ఉన్నవాళ్లకి మాత్రమే కాదని గుర్తుపెట్టుకోండి. పర్లాకిమిడిలో, గుణుపురంలో, అటు మహారాష్ట్ర అంచున సిరొంచలో కూడా తెలుగు చదివే ఇళ్లున్నాయి. దొరకని వస్తువుకి బదులు ఏది వాడొచ్చో, ఏది వాడకూడదో రాయండి. గ్రాములు, నిమిషాలు రాయండి. వాక్కాయ కేకు రెసిపీ ఆషాఢంలో వేయండి, సంతలో కాయ ఉండేది అప్పుడే, డిసెంబరులో వేస్తే చదివి ఊరుకోవాలి. వానాకాలంలో పాకం పట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నవాళ్లకి క్రిస్మస్‌కి కూడా పనికొస్తుంది, తడి తగలని చెంచా వాడాలని, బూజు కనిపిస్తే పారబోయాలని ఆ మాట కూడా చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా