డిశ్చార్జి కాగితంలో నోటి సంగతి ఏది?

సంపాదకులకు,

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లను ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు, ఫిజియోథెరపీ, మళ్లీ రావలసిన తేదీ రాస్తారు. నోరు ఎలా శుభ్రం చేయాలో చాలావాటిలో ఉండదు. మూతి వంకర అందరికీ కనిపిస్తుంది. పడిపోయిన వైపు బుగ్గలో ఇరుక్కున్న మెతుకు కనిపించదు. అటు స్పర్శ తగ్గి, నాలుక సరిగా తిరగక, అది ఉన్నట్టు ఆ మనిషికే తెలియదు. శుభ్రం లేని నోట్లో పెరిగిన సూక్ష్మజీవులు ఉమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం. పక్షవాతం మనిషికి ముద్ద ముద్దకీ పొలమారుతోందంటే మింగుడు దెబ్బతిన్నట్టే, డాక్టరుకు చెప్పాలి. కొందరికి దగ్గు కూడా రాదు. అది ఇంకా ప్రమాదం.

అందుకే అలాంటివారికి చెంబుతో నీళ్లిచ్చి పుక్కిలించమనకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించాలి. కూర్చోలేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెంప కింద తువ్వాలు వేయాలి. పిల్లల మెత్తటి బ్రష్, పెసరగింజంత పేస్టు చాలు. నురగ ఎక్కువైతే అదీ గొంతులోకే పోతుంది. రోజూ రెండు పూటలా పళ్లు, చిగుళ్ల అంచు, నాలుక తోమాక, తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డ వేలికి చుట్టి బుగ్గ లోపల తుడవాలి. వేలు పళ్లకూ బుగ్గకూ మధ్యే ఉండాలి. పళ్ల మధ్యకు పోతే తెలియకుండానే కొరికేస్తారు. తిన్న ప్రతిసారీ టార్చి వేసి చూస్తే ఒక్కోసారి ఇడ్లీ తునకో, మింగని మాత్రో దొరుకుతుంది.

తమంతట తాము తోముకోగలిగిన వారికి బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఇవ్వొచ్చు. కానీ మెదడు కుడివైపు దెబ్బతిన్నవారిలో కొందరు ఎడమపక్కను గమనించనే గమనించరు. సగం నోరు తోముకుని అయిపోయిందంటారు.

ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం (రైల్స్ ట్యూబు) ఉంటే నోటితో తినరు కదా, తోమడమెందుకు అనుకుంటారు. నమలని నోరు ఎండిపోయి నాలుక మీద అట్ట కడుతుంది, కాబట్టి శుభ్రం వారికే ఎక్కువ అవసరం. కట్టుడు పళ్లు రాత్రి తీసి, తోమి, చల్లని నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లలో వేస్తే వంకరపోతాయి. పన్ను తీయించాలని రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

డిశ్చార్జికి ముందురోజే నర్సు ఇదంతా ఇంటివాళ్ల చేత ఒకసారి దగ్గరుండి చేయించాలి. కాగితం మీద తెలుగులో నాలుగు వరుసలు రాయించడం రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు ఖర్చుతో కూడిన పని కాదు. ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు బీపీ చూసే చేత్తోనే టార్చి వేసి ఆ బుగ్గ లోపల కూడా చూడాలి.

– వృద్ధుల సంరక్షణలో పనిచేసే ఒక నర్సు, ఖమ్మం